జేజినాయన (తాత) ఊరు వెతుక్కుంటూ దక్షిణాదికి: కారులో వెళ్ళేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

మా ఇంట్లో తరాలుగా చెప్పుకునే మాట ఒక్కటే: "ధాత కరువులో ముగ్గురు అన్నదమ్ములు అరవదేశం పోయినారు, ఇద్దరే తిరిగొచ్చినారు." మూడో ఆయన ఏ ఊళ్ళో ఆగిపోయాడో ఎవరికీ తెలీదు. మా నాన్నకు డెబ్బై ఆరేళ్ళు వచ్చాక ఒకరోజు, "నేను కారులో కూర్చోగలిగినప్పుడే పోయొద్దాం రా" అన్నాడు. ఆ మాట పట్టుకుని హైదరాబాద్ నుంచి కడప జిల్లాకు, అక్కణ్ణుంచి తిరుపతి, తిరుత్తణి, అరక్కోణం మీదుగా చెన్నై దాకా రెండుసార్లు వెళ్ళాం.

మొదటిసారి మ్యాప్ పెట్టుకుని బయల్దేరాం, నాలుగు రోజులు తిరిగి ఉత్త చేతులతో వచ్చాం. రెండోసారి మూడు నెలలు ఇంట్లో కూర్చుని పని చేశాక కారు తీశాం. అందుకే ఇక్కడ రాసేదాంట్లో ఎక్కువ భాగం కారు ఎక్కకముందు చేయాల్సిన పనే.

ముందు ఇంట్లోవాళ్ళను అడగండి, ఆడవాళ్ళను మరీ ముఖ్యంగా

మగవాళ్ళకు పొలాలు, తగాదాలు గుర్తుంటాయి. ఎవరి పుట్టిల్లు ఏ ఊరు, ఎవరిని ఎవరికిచ్చారు, ఎవరి మేనరికం ఎందుకు చెడింది అనేవి ఆడవాళ్ళకే గుర్తుంటాయి. ఊరి జాడ దొరికేది ఈ పెళ్ళిళ్ళ లెక్కలోనే. మా తాత పుట్టిన ఊరేదో మా పెదనాన్నలు ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. మా మేనత్త మాత్రం "మా జేజిని (నాయనమ్మను) తెచ్చుకునింది ఎర్రగుంట్ల అవతల నుంచి గదా, బండి కట్టుకొని పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేటోళ్ళంట" అంది. ఎద్దులబండి ఒక పగలు నడిచే దూరం ఎంతో లెక్కేసుకుంటే ఎంత చుట్టుపక్కల వెతకాలో తెలిసినట్టే.

ఇంట్లో తద్దినాలు పెట్టేవాళ్ళుంటే వాళ్ళను తప్పకుండా అడగండి. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాలి. తల్లి తరఫువీ చెప్పాలి. ఎవరికీ గుర్తులేని ముత్తాత పేరు, ఏటా మంత్రంలో అప్పజెప్పే మనిషి నోట వస్తుంది. మనవాళ్ళు తాత పేరు మనవడికి పెట్టుకుంటారు కాబట్టి ఒకే పేరు తరం తప్పించి తరం వస్తుంటుంది. కాగితం మీద ఒక్కో పేరు పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేసుకోకపోతే నలుగురు వెంకటసుబ్బయ్యలు ఒక్కడైపోతారు.

పెద్దవాళ్ళు ఇంగ్లీషు సంవత్సరం చెప్పరు, తెలుగు సంవత్సరం పేరు చెబుతారు. దాన్ని మార్చుకోవడం తేలికే. ప్రభవ 1867లో, 1927లో, 1987లో వచ్చింది. ప్రభవను ఒకటిగా పెట్టుకుని, వాళ్ళు చెప్పిన పేరు వరుసలో ఎన్నోదో చూసి, ఆ అంకెను 1866కో 1926కో కలపండి. ధాత పదోది, అంటే 1876 ఉగాది నుంచి 1877 ఉగాది దాకా. మద్రాసు ప్రెసిడెన్సీని తుడిచిపెట్టిన 1876–78 కరువు మొదలైంది సరిగ్గా అప్పుడే. కడప, కర్నూలు, బళ్ళారి, నెల్లూరు జిల్లాల మీద అది విరుచుకుపడింది. గుంటూరు వైపువాళ్ళు "నందన కరువు" అంటే 1832–33 అని రాసుకోండి. మా ఇంటి మాటకు అలా ఒక తేదీ దొరికింది.

ఇంటి పేరు ఒక ఊరి పేరే, కానీ మీ ముత్తాత ఊరు కాకపోవచ్చు

తెలుగువాళ్ళకున్న పెద్ద సౌకర్యం ఇది. చాలా ఇంటి పేర్లు ఊళ్ళ పేర్లే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణి దగ్గర, ఇంటి పేరులోని సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. త్యాగరాజస్వామి 1767లో పుట్టింది తిరువారూరులో, ఇంటి పేరులోని కాకర్ల కంభం ప్రాంతపు ఊరు. కుటుంబం ఏ ఊరు వదిలిపెట్టి వచ్చిందో, కొత్త ఊళ్ళోవాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు. అంటే ఇంటి పేరు మీరు చేరాల్సిన చివరి మజిలీని చెబుతుంది, మొదటిదాన్ని చెప్పదు. నేను చేసిన తప్పు అదే. ఇంటి పేరున్న ఊరికి నేరుగా వెళ్ళిపోయాను. అక్కడ మా ఇంటి పేరువాళ్ళు ఒక్కరూ లేరు. ఉండరు మరి, అందరూ వెళ్ళిపోయారు కాబట్టే ఆ పేరు వచ్చింది.

వెనక్కి ఒక్కో తరం చొప్పున వెళ్ళండి. తాత ఊరు తేలాకే ముత్తాత ఊరు. మధ్యలో మెట్టు దాటేస్తే ఏ రామాపురమో ఏ కొత్తపల్లో మీకెవరూ చెప్పలేరు. ఆ పేర్లతో ఊళ్ళు జిల్లాకు నాలుగైదు ఉంటాయి.

దీంతోపాటు ఇలవేల్పు ఎవరో కనుక్కోండి. పుట్టెంట్రుకలు ఎక్కడ తీస్తారు, పెళ్ళికి ముందు ఎవరికి మొక్కుకుంటారు, ఏ గుడికి పొంగలి పెడతారు. గోత్రం వేలమందికి ఒకటే ఉంటుంది. ఇంటి పేరు, ఇలవేల్పు రెండూ కలిసిన కుటుంబాలు మాత్రం కొన్నే. తర్వాత తమిళనాడులో మాకు పనికొచ్చింది ఈ జంటే.

జిల్లా పేరు చూసి మోసపోకండి

పాత కాగితంలో "కడప జిల్లా మదనపల్లె తాలూకా" అని ఉంటే కంగారు పడక్కర్లేదు. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో, అప్పటిదాకా మదనపల్లె కడప కిందే ఉంది. అనంతపురం 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న పదమూడు ఇరవై ఆరయ్యాయి. ఊరు కదల్లేదు, పై చిరునామా మారుతూ వచ్చింది. ప్రతి ఊరికీ మూడు గళ్ళ పట్టిక వేసుకోండి: ఒక గడిలో ఆ కాగితం రాసినప్పటి తాలూకా, జిల్లా; రెండో దాంట్లో 1985 తర్వాతి మండలం; మూడో దాంట్లో ఇప్పటి జిల్లా. పాత రికార్డు అడగాలంటే పాత పేరు కావాలి, కారు నడపాలంటే కొత్త పేరు కావాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనవాళ్ళు "మా ఊరు" అనేది శివారు పల్లె కావచ్చు, రికార్డులో దానికి పేరే ఉండదు. రెవెన్యూ గ్రామం పేరు వేరు, దాని కింద మజరాలు (శివారు పల్లెలు) వేరు. కొన్ని రెవెన్యూ గ్రామాలు రికార్డులోనే ఉంటాయి, మనుషులుండరు. వాటిని బేచిరాక్ గ్రామాలంటారు. శ్రీశైలం, సోమశిల జలాశయాల కింద మునిగిన ఊళ్ళైతే, మునిగినవాళ్ళకు ఇచ్చిన పునరావాస కాలనీ ఏదో అడిగి అక్కడికి వెళ్ళండి. మనుషులు అక్కడుంటారు.

కాగితాలు: ఏది ఎక్కడ దొరుకుతుంది

బీరువాలో పాత దస్తావేజు ఒక్కటున్నా దాన్ని అక్షరం అక్షరం చదవండి. "ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానావారి కుమారుడు" అని మొదలవుతుంది, అక్కడే ఊరు, తాలూకా, తండ్రి పేరు దొరుకుతాయి. అంతకన్నా విలువైనవి చివర ఉండే హద్దులు. "తూర్పు: ఫలానా సుబ్బారెడ్డి పొలం. దక్షిణం: రస్తా." మీవాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయి ఉండొచ్చు, ఆ సుబ్బారెడ్డి మనవలు అక్కడే ఉండొచ్చు. మాకు ఊళ్ళో మొదట తలుపు తీసింది మా పడమటి హద్దువాళ్ళే.

ఆంధ్ర ప్రాంతంలో అడగాల్సిన పాత భూముల రిజిస్టరు పేరు ఆర్ఎస్ఆర్, అంటే రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్. దాన్నే కొన్నిచోట్ల డైగ్లాట్ అంటారు. తెలంగాణలో అయితే 1954–55 ఖాస్రా పహాణీ, అంతకు ముందు సేత్వార్. ఇవి తహసీల్దారు ఆఫీసులో ఉంటాయి, అర్జీ పెట్టి నకలు తీసుకోవాలి. మీవాళ్ళకు గుడి మాన్యమో సర్వీసు ఇనామో ఉండి ఉంటే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అడగండి. మొదట ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, అప్పటికి అనుభవిస్తున్నదెవరు అనే వరుసంతా అందులో ఉంటుంది. ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాల్సిందే. ఆంధ్రలో రీసర్వే అయిన ఊళ్ళలో సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, కాబట్టి పాత నంబరు చెప్పి కొత్తది ఏదో అడిగి తెలుసుకోండి.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. లెక్కలన్నీ ప్రభుత్వానికి అప్పజెప్పారనే అంటారు గానీ, పాత కరణంగారి ఇంటి అటక మీద ఒకటో రెండో కట్టలు ఉండే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అడిగి చూడండి.

ఇదంతా భూమి ఉన్నవాళ్ళ సంగతి. భూమి లేని కుటుంబాలను ఈ రిజిస్టర్లు పట్టించుకోలేదు. అలాంటివాళ్ళకు నా సలహా రెండు. ఒకటి, బడి. పాత బోర్డు స్కూళ్ళ అడ్మిషన్ రిజిస్టర్లో పిల్లాడి పేరు, తండ్రి పేరు, ఊరు, అంతకు ముందు చదివిన బడి ఉంటాయి. రెండోది, క్రైస్తవ కుటుంబాలైతే చర్చి బాప్తిస్మ రిజిస్టరు. ఆ ధాత కరువు రోజుల్లోనే, 1878 జూలై 3న, ఒంగోలు బాప్టిస్టు మిషన్ గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. రెవెన్యూ లెక్కల్లో ఎక్కడా లేని పేర్లు ఇలాంటి రిజిస్టర్లలో ఉంటాయి.

కడప వెళ్ళేవాళ్ళు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో ఒక పూట గడపండి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాసుకున్న కైఫీయత్తుల్లో (ఊళ్ళ చరిత్రల్లో) కడప జిల్లావి అక్కడ అచ్చులో దొరుకుతాయి. మీ తాతల పేర్లు అందులో ఉండకపోవచ్చు. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గ్రామదేవత ఎవరు అనేవి ఉంటాయి. ఊళ్ళో అడుగుపెట్టి మాట కలపడానికి అంతకన్నా మంచి సరుకు లేదు.

ఎప్పుడు, ఎలా వెళ్ళాలి

సంక్రాంతి తర్వాతి రెండు వారాలు. పండక్కి వచ్చిన పట్నం పిల్లలు వెళ్ళిపోయి ఉంటారు, పెద్దవాళ్ళు తీరిగ్గా ఉంటారు, ఎండ ముదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తమిళనాడునూ నెల్లూరు తీరాన్నీ ముంచేస్తాయి, ఆ నెలలు వద్దు. నాట్లప్పుడూ కోతలప్పుడూ పగటిపూట ఊళ్ళో మనుషులే దొరకరు.

హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా 44వ నంబరు హైవే, అక్కణ్ణుంచి నంద్యాల మీదుగా కడపకు 40వ నంబరు. మొత్తం నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు. కడప నుంచి తిరుపతి దాదాపు 140, తిరుపతి నుంచి తిరుత్తణి 70. మేం అయిదు రోజులు పెట్టుకున్నాం, ఆరు పెట్టుకోవాల్సింది. ప్రతి ఊరికీ ఒక పూట కాదు, ఒక రోజు లెక్కేసుకోండి. మొదటి పూట మిమ్మల్ని చూడటానికే సరిపోతుంది, గుర్తు తెచ్చుకుని చెప్పేది రెండో పూటే.

సొంత కారుకు పక్క రాష్ట్రంలో తిరగడానికి పర్మిట్ అక్కర్లేదు, అద్దె టాక్సీకి కావాలి. జాతీయ రహదారుల మీద ఎక్కువ తిరిగేవాళ్ళకు ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. రాష్ట్ర రహదారుల టోల్‌కు అది పనిచేయదు. పెద్దవాళ్ళను ముందు సీట్లో కూర్చోబెట్టండి, రెండు గంటలకోసారి ఆపండి. మందులు డిక్కీలో పెట్టకండి. ఇంతకన్నా కారు గురించి చెప్పేదేం లేదు.

ఊళ్ళోకి వెళ్ళాక

మొదటి ప్రయాణంలో నేను చేసిన ఘోరం ఇది. రచ్చబండ దగ్గర కారు దిగి, చేతిలో ఫైలు పట్టుకుని, "ఈ సర్వే నంబరు పొలం ఎక్కడండీ?" అని అడిగాను. అంతే, అక్కడున్న నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం దాకా మాతో ఎవరూ రెండు ముక్కలకు మించి మాట్లాడలేదు. తర్వాత అర్థమైంది, పొలం కోసం పాత వారసులొచ్చారని ఊరంతా టెన్షన్ పడింది.

రెండోసారి ఫైలు కారులోనే వదిలేశాం. నాన్నను ముందు నడవనిచ్చి నేను వెనక నిలబడ్డాను. వేపచెట్టు కింద మంచమ్మీద ఒక ముసలావిడ చేట ఒళ్ళో పెట్టుకుని కందులు చెరుగుతోంది.

"ఎవురు నాయనా మీరు? యా ఊరు?"

"హైదరాబాదు నుంచి వచ్చినాం పెద్దమ్మా. మా జేజినాయన వాళ్ళది ఈ ఊరే. పొలం గిలం ఏం వద్దు, ఊరు సూసి పోదామని."

ఆమె చేట పక్కన పెట్టింది. నాన్న ఇంటి పేరు చెప్పగానే కళ్ళు చిన్నవి చేసి ఆయన మొహంలోకి చూసింది. "పెద్దబావి కాడ ఉండేటోళ్ళా? మీ ఇల్లు పడిపాయ నాయనా. చింతచెట్టు ఉండాది, పోయి సూసుకో."

ఆ "పొలం వద్దు" అనే మాట మొదటి నిమిషంలోనే, పెద్దవాళ్ళ నోటితోనే రావాలి. ఊళ్ళో గుడికి వెళ్ళి దండం పెట్టుకుని, తోచింది హుండీలో వేశాక మాట్లాడటం మొదలుపెడితే ఇంకా మంచిది.

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. "మా ముత్తాత ఎవరు?" అని అడిగితే "ఏమో" అంటారు. "పెద్దబావి ఎవరు తవ్వించారు? ఆ కరువులో ఎవరెవరు ఊరొదిలారు? ఏ దారిన పోయారు?" అని అడగండి. చోటును అడ్డం పెట్టుకుని అడిగితే మనుషులు గుర్తొస్తారు. మాకు ఆ ముసలావిడ కొడుకే చెప్పాడు, వాళ్ళ పెద్దలు రైలు కట్ట పట్టుకుని నడిచారని. మద్రాసు–రాయచూరు రైలు లైను కడప, రేణిగుంట మీదుగా 1871 నాటికే పూర్తయింది. టికెట్టుకు డబ్బుల్లేనివాడికి కూడా కట్ట దారి చూపిస్తుంది. ఆ కట్ట అరక్కోణం చేరుతుంది. మా తర్వాతి మజిలీ అలా తేలింది.

ఫోన్లో రికార్డు చేస్తామని ముందే చెప్పండి. చింతచెట్టు, బావి, గుడి, ప్రతిదాని దగ్గరా లొకేషన్ పిన్ పెట్టుకోండి. ఏ రాత్రి విన్నది ఆ రాత్రే రాసుకోవాలి, తెల్లారేసరికి నాన్నకూ నాకూ రెండు వేరు వేరు కథలు గుర్తున్నాయి.

పొలిమేర దాటాక

తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది, సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. అందుకే ఆ చుట్టుపక్కల వీధుల్లో తెలుగు వినబడుతుంది, బోర్డుల మీద కనబడదు. తెలుగు చక్కగా మాట్లాడే కుర్రవాడు తెలుగు చదవలేడు. మీ వంశవృక్షాన్ని తమిళ లిపిలో కూడా రాయించుకుని వెళ్ళండి, లేకపోతే అది వాళ్ళకు బొమ్మే.

ఇంకో సంగతి, తమిళనాట పేరు ముందుండే ఇనీషియల్ తండ్రి పేరుది. ఇంటి పేరు కాగితాల్లో ఎక్కడా ఉండదు. అలాగని పోలేదు, పెళ్ళి సంబంధం చూసేటప్పుడు మాత్రం తీస్తారు. కాబట్టి ఓటరు జాబితాలో ఇంటి పేరు వెతికి లాభం లేదు, సంబంధాలు కుదిర్చే పెద్దలను అడగాలి. ఇక్కడి భూమి రికార్డుల పేర్లు పట్టా, చిట్టా, ఏ-రిజిస్టర్. ఊరి అధికారిని వీఏఓ అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పాత దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. రాయలసీమ, కోస్తా కుటుంబాల ఊళ్ళవి కూడా అక్కడ చూడాల్సిందే. ముందుగా అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకోకుండా వెళ్ళకండి, మా ఒక రోజు అలాగే పోయింది.

మీవాళ్ళు ఇంకా ముందు, నాయకరాజుల కాలంలోనే దక్షిణానికి వెళ్ళి ఉంటే దారి తంజావూరు, మదురై, కోవిల్‌పట్టి వైపు సాగుతుంది. తంజావూరు నాయకుల పాలన 1673లో ముగిసింది. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు, మేలట్టూరులో తెలుగు భాగవత మేళా (నృత్యనాటకం) ఇప్పటికీ ఉన్నాయి. కానీ అంత వెనక్కి వ్యక్తుల పేర్లు దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. ఊరు, ఇలవేల్పు దొరికితే చాలనుకోండి.

అరక్కోణం దగ్గర ఒక పల్లెలో, మూడో రోజు మధ్యాహ్నం, ఒక పెద్దాయన "మీరు మనవాళ్ళా?" అని అడిగాడు. ఇంటి పేరు మాదే. ఇలవేల్పును అడిగితే నాన్న నోరు తెరవకముందే ఆయనే చెప్పాడు, అదీ మా అమ్మవారే. "కడప నుంచి వచ్చినారంట మావోళ్ళు, కరువులో" అన్నాడు. ఆ మూడో అన్నదమ్ముడి మనవడే అని రుజువు చేసే కాగితం మా దగ్గర లేదు. నా నోటు పుస్తకంలో ఆ గడి పక్కన ఇప్పటికీ పెన్సిలుతో ప్రశ్నార్థకమే ఉంది. మీరూ అలాగే చేయండి. విన్నది పెన్సిలుతో, కాగితంలో చూసింది పెన్నుతో రాసుకోండి.

తిరిగొచ్చిన వారంలోపే

ఎవరింట్లో కూర్చుని మాట్లాడారో వాళ్ళందరి ఫోటోలూ ప్రింటు తీయించి పోస్టులో పంపండి. వాట్సాప్‌లో పంపితే కొడుకు ఫోన్లో ఉండిపోతాయి, ముసలివాళ్ళ చేతికి రావు. ఫోటో వెనక మీ ఇంటి పేరు, ఊరు, ఫోన్ నంబరు రెండు లిపుల్లో రాయండి. మేం తొమ్మిది కవర్లు పంపాం. ఏడింటికి జవాబు లేదు. కందులు చెరిగిన ముసలావిడ కొడుకు ఫోన్ చేసి చింతచెట్టు కాయలు పంపనా అని అడిగాడు. అరక్కోణం నుంచి నాలుగు నెలల తర్వాత తమిళంలో అచ్చేసిన పెళ్ళి పత్రిక వచ్చింది. నాన్న దాన్ని చదవలేక కింది వాటాలో ఉండే తమిళాయనతో చదివించుకున్నాడు. పెళ్ళికొడుకు పేరు మా తాత పేరే. ఆ గడిలో మాత్రం ఇంకా పెన్సిలే ఉంది.